విడిపించండి సార్ అంటే చాలదు

కామారెడ్డి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి గల్ఫ్ గోడు మోసుకొచ్చే ఇంటివాళ్ల అర్జీలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. "మా కొడుకు దుబాయి జైల్లో ఉన్నాడు. మేము బీదవాళ్లం. దయతలచి విడిపించగలరని ప్రార్థన." కింద వేలిముద్ర. వెనక నల్లగా అచ్చుపడి ముఖం కనిపించని పాస్‌పోర్టు జిరాక్స్. దాన్ని చదివి కలెక్టర్ ఏం చేయగలరు? దుబాయి జైలు తాళం ఆయన దగ్గర లేదు. ఎమ్మెల్యే దగ్గరా లేదు. ఢిల్లీలో విదేశాంగ మంత్రి దగ్గర కూడా లేదు. అయితే ఈ ముగ్గురి చేతుల్లోనూ తలా ఒక చిన్న పని ఉంది. అదేమిటో తెలుసుకుని అది మాత్రమే అడిగితే చేస్తారు. "విడిపించండి" అంటే "చూద్దాం" అంటారు.

పరాయి దేశంలో చిక్కుకున్న మనిషిని ఇంటికి తెచ్చుకోవాలంటే పలుకుబడి ఉండాలని అందరూ అనుకుంటారు. నేను అనుకోను. కావలసింది అడిగే నేర్పు. ఎవరిని, ఏది, ఎప్పుడు, ఎన్నిసార్లు అడగాలన్న నేర్పు. బడి ముఖం చూడని తల్లి కూడా దీన్ని నేర్చుకోగలదు. ఎల్లారెడ్డి, లింగంపేట, గాంధారి, మాచారెడ్డి మండలాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు దొరకడం కష్టం. కాబట్టి ఆపద రాకముందే నేర్చుకుని ఉండాలి. 2025లో కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం విదేశీ జైళ్లలో 10 వేల మందికి పైగా భారతీయులు ఉన్నారు. సౌదీలో, యూఏఈలో చెరో రెండున్నర వేల పైచిలుకు.

ఎవరి సంతకం కోసం ఆగింది?

మాచారెడ్డి దాటితే సిరిసిల్ల. ఆ జిల్లా పల్లెల నుంచి పొట్టచేత పట్టుకుని దుబాయి పోయిన కొందరు కూలీలు 2005లో ఒక హత్య కేసులో ఇరుక్కున్నారు. చనిపోయింది నేపాల్‌కు చెందిన వాచ్‌మన్. శిక్ష పాతికేళ్లు. ఇక్కడ భార్యలు, తల్లులు మిగిలారు. తండ్రి ముఖం ఫొటోలో తప్ప చూడకుండా పిల్లలు పెరిగారు.

ఆ కేసులో అందరూ దుబాయి వైపే చూస్తుంటే, కదలిక మాత్రం ఎవరూ ఊహించని చోట, నేపాల్‌లో మొదలైంది. దుబాయి చట్టంలో మృతుడి కుటుంబం క్షమిస్తే శిక్ష తగ్గడానికి దారి ఉంటుంది. ఆ క్షమాపణ పత్రాన్ని గల్ఫ్‌లో మనవాళ్లు తనాజుల్ అంటారు. అప్పటికి సిరిసిల్ల ఎమ్మెల్యేగా ఉన్న కేటీఆర్ 2011లో నేపాల్ వెళ్లి, మృతుడి కుటుంబాన్ని కలిసి, 15 లక్షల రూపాయల పరిహారం ఇచ్చి ఆ పత్రం తెచ్చారు. షేక్‌లను, మంత్రులను పక్కన పెట్టి చూస్తే, ఆ రోజు ఆ కేసు ఒక నేపాలీ ఇల్లాలి సంతకం దగ్గర ఆగి ఉంది.

మీ ఇంటి కష్టంలోనూ మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇదే. ఈ రోజు పని ఎవరి సంతకం కోసం ఆగింది? వీసా గడువు దాటి ఖల్లివెల్లి (కాగితాలు లేని మనిషి) అయిన కేసైతే జరిమానా, ఔట్‌పాస్ (దేశం విడిచే అనుమతి కాగితం) దగ్గర ఆగి ఉంటుంది. చెక్ బౌన్స్ కేసైతే అప్పిచ్చినవాడి దగ్గర. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దొంగతనం కేసు పెడితే కఫీల్ దగ్గర. శిక్ష పడిపోయి, మిగిలిన కాలం మన దేశంలో గడిపే అవకాశం ఉంటే మన ప్రభుత్వాల దగ్గరే. ఖైదీల బదిలీకి యూఏఈతో భారత్ 2011లోనే ఒప్పందం చేసుకుంది. ఖైదీ ఒప్పుకోవాలి, రెండు దేశాలూ ఒప్పుకోవాలి. వచ్చాక ఉండాల్సింది మన రాష్ట్రం జైల్లోనే కనుక హైదరాబాద్ సచివాలయంలో కూడా ఫైలు కదలాలి. చూశారా, ఇక్కడ ఎమ్మెల్యేకు చేయదగ్గ పని దొరికింది. "మావాణ్ని ఇడిపియ్యుండ్రి సారూ" అనకుండా, "బదిలీకి రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి లెటర్ పెండింగుల ఉన్నది సారూ, హోం శాఖకు మీరొక్క మాట రాయుండ్రి" అనండి. ఆ మాట వినగానే పక్కనున్న పీఏ పెన్ను తీస్తాడు.

సిరిసిల్ల కథ మాత్రం సంతకంతో ముగియలేదు. తనాజుల్ వచ్చాక కూడా జైలు తలుపు వెంటనే తెరుచుకోలేదు. ఏళ్లు గడిచాయి. తెలంగాణ వచ్చింది. కేటీఆర్ మంత్రి అయ్యారు, దుబాయి వెళ్లినప్పుడల్లా విషయం ఎత్తారు. మళ్లీ ప్రభుత్వం మారింది. చివరికి 18 ఏళ్ల తర్వాత వాళ్లు విడతలుగా బయటపడ్డారు. 2024 ఫిబ్రవరిలో శంషాబాద్‌లో దిగినవాళ్లను పట్టుకుని ఇంటివాళ్లు ఏడుస్తుంటే రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. ఈ 18 ఏళ్లలో హైదరాబాద్‌లో ప్రభుత్వాలు ఎన్నిసార్లు మారాయో గుర్తుచేసుకోండి. కాంగ్రెస్ ఉన్నప్పుడు మొదలైన పని, టీఆర్ఎస్ కాలమంతా సాగి, మళ్లీ కాంగ్రెస్ వచ్చాక ముగిసింది. అందుకే చెబుతున్నాను, మీ మనిషిని ఏ పార్టీ కండువాకూ ముడివేయకండి. అధికారంలో ఉన్నవాళ్లను కలవండి, లేనివాళ్లనూ కలవండి, అందరికీ ఒకే కాగితం ఇవ్వండి. శ్రీకాకుళం మత్స్యకారులు 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కినప్పుడు వాళ్ల ఇంటివాళ్లు అప్పుడు ప్రతిపక్షంలో, పాదయాత్రలో ఉన్న జగన్‌ను కూడా కలిశారు. 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటి వచ్చేనాటికి ఆయనే ముఖ్యమంత్రి.

ఏ పాస్‌పోర్టు?

ఇప్పుడు మన పల్లెల్లో కొత్తరకం ఇళ్లు కూడా ఉన్నాయి. తాత కామారెడ్డి బెల్లం మార్కెట్‌లో హమాలీ, కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగి, మనవడు డల్లాస్‌లో అమెరికా పౌరుడు. మనవడి దగ్గర ఓసీఐ కార్డు ఉంది కదా, రెండు దేశాలూ మనవే అని తాత ధీమా. అది ధీమా పడదగ్గ విషయం కాదు. మన రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న క్షణానే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ వల్ల వీసా లేకుండా రావచ్చు, ఉండవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. కానీ ఆ మనవణ్ని మూడో దేశంలో ఎవరైనా నిర్బంధిస్తే అతని కోసం తలుపు తట్టే హక్కు అమెరికా ఎంబసీది. మీరు ఎల్లారెడ్డి నుంచి ఢిల్లీ దాకా తిరిగినా మన విదేశాంగ శాఖ సానుభూతితో మాట సాయం చేయగలదు, అంతే. ఆ తిరుగుడులో పోయే మొదటి పది రోజులు చాలా విలువైనవి.

నిజంగా రెండు పౌరసత్వాలూ ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. నిర్బంధించిన దేశం "ఇతను మా పౌరుడే, మధ్యలో మీరెవరు" అంటుంది. 1930 నాటి హేగ్ ఒప్పందంలోనే ఈ మాటకు ఊతం ఉంది. ఒక దేశం తన పౌరుణ్ని, అతను పౌరుడిగా ఉన్న ఇంకో దేశం నుంచి కాపాడతానని పట్టుబట్టలేదు. బ్రిటన్, ఇరాన్ రెండు పౌరసత్వాలూ ఉన్న నాజనీన్ జాఘరి రాట్‌క్లిఫ్ విషయంలో ప్రపంచం ఇది కళ్లారా చూసింది. 2016 ఏప్రిల్ 3న, పుట్టింటికి వెళ్లి తిరిగి లండన్ విమానం ఎక్కబోతుంటే టెహ్రాన్ విమానాశ్రయంలో పట్టుకున్నారు. ఒళ్లో 22 నెలల పాప. ఇరాన్ ఆమె బ్రిటిష్ పౌరసత్వాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఎంబసీవాళ్లను కలవనివ్వలేదు.

అరవాలా, ఆగాలా?

నాజనీన్ భర్త రిచర్డ్ ఒక అకౌంటెంట్. ఉద్యమాలతో సంబంధం లేని మనిషి. మొదట్లో అధికారులు గుట్టుగా ఉండమన్నారు. ఉన్నాడు. నెల దాటాక బయటికొచ్చి పిటిషన్ పెట్టాడు, ఆ తర్వాత ఆరేళ్లు నోరు మూయలేదు. 2019లో లండన్‌లోని ఇరాన్ ఎంబసీ ముందు, 2021లో సొంత ప్రభుత్వ విదేశాంగ కార్యాలయం ముందు 21 రోజులు నిరాహార దీక్షకు కూర్చున్నాడు. రెండోసారి చోటు ఎందుకు మార్చాడో గమనించండి. ఇరాన్‌కు బ్రిటన్ 1970ల నాటి ట్యాంకుల బేరం తాలూకు 40 కోట్ల పౌండ్ల దాకా బాకీ ఉండేది. తాళంచెవి టెహ్రాన్‌లో ఉన్నా, దాన్ని తిప్పగలిగేది తన ప్రభుత్వమేనని అతనికి అర్థమైంది. ఆ బాకీ తీరిన వేళే, 2022 మార్చి 16న, ఆమె విమానం ఎక్కింది.

ఈ కథ విని ప్రతి ఇల్లూ రోడ్డెక్కాలని అనుకోకండి. ఖతార్‌లో 2022 ఆగస్టులో పట్టుబడ్డ మన ఎనిమిది మంది మాజీ నౌకాదళ అధికారుల్లో విశాఖకు చెందిన తెలుగువారు కూడా ఉన్నారు. కుటుంబాల్లో ఒక సోదరి మొదట ట్విటర్‌లో గొంతు విప్పి దేశానికి తెలిసేలా చేశారు. ఆ తర్వాత నడిచిందంతా తెర వెనక పని. 2023 అక్టోబర్‌లో మరణశిక్ష పడినప్పుడు కూడా మన ప్రభుత్వం ఖతార్‌ను తిట్టిపోయలేదు. డిసెంబర్‌లో దుబాయి వాతావరణ సదస్సు దగ్గర ప్రధాని మోదీ ఖతార్ అమీర్‌ను కలిశారు. నెలాఖరుకు మరణశిక్ష పోయింది. 2024 ఫిబ్రవరి 12న ఏడుగురు ఢిల్లీలో దిగారు.

మరి మనం ఏ దారిన పోవాలి? నా అభిప్రాయం నేను సూటిగా చెబుతాను. నిర్బంధించిన దేశాన్ని ఎప్పుడూ తిట్టవద్దు. మన ప్రభుత్వాన్ని మాత్రం మర్యాదగా, విడవకుండా, అందరూ చూసేలా అడగవచ్చు. ఆ రెంటినీ కలిపేస్తేనే చిక్కు. గల్ఫ్ పాలకుల మీద యూట్యూబ్ చానల్‌కు ఆవేశంగా ఇచ్చిన ఒక్క బైటు లోపలున్న మనిషి మీద పడుతుంది. క్షమాభిక్ష జాబితా తయారుచేసేదీ వాళ్లే. రంజాన్‌కు, ఈద్‌కు, డిసెంబర్ 2న యూఏఈ జాతీయ దినోత్సవానికి ఖైదీలకు క్షమాభిక్ష ఇచ్చే ఆనవాయితీ ఉంది. ఆ రోజులకు రెండు మూడు నెలల ముందు మన ఎంబసీకి "ఈ పేరు పంపండి" అని రాయడం మీకు తెలిసిన ఏ నినాదం కన్నా బలమైన పని.

మాట జారితే ఏమవుతుందో కూడా నాజనీన్ కేసే చెబుతుంది. 2017 నవంబర్‌లో అప్పటి బ్రిటన్ విదేశాంగ మంత్రి బోరిస్ జాన్సన్, సెలవుపై వెళ్లిన ఆమె అక్కడ జర్నలిజం నేర్పుతోందని పార్లమెంటు కమిటీ ముందు నోరు జారారు. రోజుల్లోనే ఆమెను మళ్లీ కోర్టుకు లాక్కెళ్లి ఆ మాటనే ఆమెకు వ్యతిరేకంగా వాడారు. విదేశాంగ మంత్రి మాటకే ఆ గతి పడితే, వాట్సాప్ గ్రూపులో మన బామ్మర్ది రాసే "మా బావ ఆ కంపెనీల రెండో పని సుత జేసేటోడు" అనే వాక్యం ఏం చేస్తుందో ఆలోచించండి. ఇంటి నుంచి ఒక్కరే మాట్లాడాలి. మిగిలినవాళ్లు అడిగినవాళ్లకు ఆ ఒక్కరి నంబర్ ఇచ్చి ఊరుకోవాలి. ఇది చాలా కష్టం, ముఖ్యంగా అన్నదమ్ముల మధ్య. అయినా మొదటి వారంలోనే కూర్చుని తేల్చుకోవాలి. నిలకడగా మాట్లాడగలిగినవాళ్లను ఎంచుకోండి, పెద్దరికాన్ని బట్టి కాదు. చాలా ఇళ్లలో ఆ మనిషి బీడీలు చేసుకుంటూ ఇల్లు నడిపే భార్యే అవుతుంది. ఆమెను ముందు కూర్చోబెట్టండి.

రాత్రి ఫోన్

గాంధారి మండలంలో ఒక తల్లికి రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చిందనుకుందాం. కొడుకు గొంతు. "అవ్వా, నన్ను పట్టుకపోయిన్రు. రెండు నిమిషాలే ఇచ్చిన్రు." ఆ రెండు నిమిషాలు ఏడుపుకు పోతే మళ్లీ నెల దాకా ఫోన్ రాకపోవచ్చు. నాలుగే ప్రశ్నలు వేయాలి. ఏ ఊరి జైలు? ఏం కేసన్నరు? ఏదన్న కాయితం మీద సంతకం పెట్టినవా? మన ఎంబసీకి చెప్పమని అడిగినవా? చివరిది అన్నిటికన్నా ముఖ్యం. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, పట్టుబడ్డ విదేశీయుడు కోరితే ఆ సంగతి అతని ఎంబసీకి ఆలస్యం లేకుండా తెలపాలి. అతను కోరాలి, మాట అక్కడుంది. అందుకే విమానం ఎక్కేముందే మీ పిల్లలకు ఈ ఒక్క వాక్యం హిందీలో, అరబీలో కంఠతా పట్టించండి: నా ఎంబసీకి చెప్పండి. ఎక్కేముందు బ్యాగు కూడా ఒకసారి విప్పి చూడండి. ఊళ్లో ఎవరో తమవాళ్లకు ఇవ్వమన్న పొట్లంలో గసగసాలుంటే అక్కడ అది మత్తుపదార్థాల కేసు. మన మసాలా డబ్బాలోని సరుకు అక్కడ జైలుకు దారి.

తెల్లారాక ఫైలు మొదలవ్వాలి. చవక నోటుబుక్కు చాలు, కానీ రోజూ రాయాలి. పాస్‌పోర్టు మీద పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా. ఊళ్లో పిలిచే పేరు, ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాతో ఎన్ని అర్జీలు తిరిగొస్తాయో లెక్కలేదు. అకామా లేదా బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) నంబర్, కంపెనీ పేరు, కఫీల్ ఫోన్, చివరిసారి జీతం పడ్డ తేదీ, పంపిన ఏజెంటు పేరు, అతనికి ఇచ్చిన డబ్బు రసీదు. ఆ తర్వాత విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు. మీసేవ దగ్గరి కుర్రాడు చేసి పెడతాడు. వచ్చే నంబర్‌ను ఫైలు అట్ట మీద పెద్దక్షరాలతో రాయండి. ఇకపై ఏ ఆఫీసుకు పోయినా మొదట ఆ నంబర్ చెప్పాలి. లాయర్‌కు డబ్బు లేకపోతే ఎంబసీ దగ్గర 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. న్యాయ సాయం కోసం దాన్ని వాడే వీలుంది. అడిగినవాళ్లకే ఇస్తారు, అదీ రాతపూర్వకంగా అడిగితే. హైదరాబాద్‌లో 2024 సెప్టెంబర్ నుంచి ప్రజాభవన్‌లో గల్ఫ్‌వాళ్ల కోసం ప్రవాసీ ప్రజావాణి నడుస్తోంది. కామారెడ్డి స్టేషన్‌లో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

పోయిన ప్రతిచోటా నోటుబుక్కులో ఐదు సంగతులు రాసుకోండి. తేదీ, ఎవరిని కలిశాం, ఏం అడిగాం, ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు. రమ్మన్న రోజు తప్పకుండా వెళ్లండి. "మొన్న పదిహేనో తారీకు మీరు ఎంబసీకి మెయిల్ పెడ్తమన్నరు సార్, జవాబు వచ్చిందా?" అని నెమ్మదిగా అడిగే మనిషిని ఏ గుమస్తా మరచిపోలేడు. గొంతు పెంచినవాడు ఆ పూటకు గుర్తుంటాడు. తేదీ చెప్పినవాడు ఫైలులో ఉంటాడు. విసుక్కున్నా, కూర్చోమనకపోయినా, ప్రశ్న మాత్రం మార్చవద్దు. ఆత్మగౌరవం అనేది నాకు ఇక్కడే కనిపిస్తుంది. కాళ్లు పట్టుకోకుండా, కయ్యానికి దిగకుండా, తన పని తాను అడిగి వచ్చే మనిషిలో.

డబ్బు దగ్గర మాత్రం ఒక్క పైసా మసక ఉండకూడదు. సౌదీలో మరణశిక్ష పడ్డ కోజికోడ్ వాసి కోసం కేరళవాళ్లు 2024 ఏప్రిల్‌లో 34 కోట్ల రూపాయలు పోగుచేశారు. కోటి యాభై లక్షల రియాళ్ల పరిహారం అది. యాప్ పెట్టి వచ్చిన ప్రతి రూపాయినీ జనానికి చూపించారు, కావలసింది చేరగానే వసూలు ఆపేశారు. ఆ జూలైలో మరణశిక్ష రద్దయింది. మన ఊళ్లో లక్ష పోగుచేసినా అదే పద్ధతి. గ్రామ పంచాయతీ గోడ మీద లెక్క అంటించండి. "నాకు అక్కడ పెద్ద షేక్ ఎరుక, మూడు లక్షలియ్యుండ్రి, పది దినాల్ల బయటికి తెస్త" అనేవాడు తప్పకుండా వస్తాడు. అతని మాటలో ఏ కోర్టు, ఏ కేసు నంబర్, ఏ సంతకం అన్నవి ఉండవు. అవి అడగండి. రెండోసారి రాడు.

నెలలు ఏళ్లయ్యేకొద్దీ ఇంట్లో ఒక అపరాధ భావన చేరుతుంది. వాడక్కడ చీకట్లో ఉంటే మనకు పండుగేమిటి, పిల్లకు కొత్త గౌను ఏమిటి అని. దయచేసి పండుగ చేయండి. బతుకమ్మ పేర్చండి. పిల్ల గౌను ఫొటో తీసి జైలుకు ఉత్తరంలో పంపండి. లోపలున్న మనిషిని నిలబెట్టేది బయట ఇల్లు నడుస్తోందన్న వార్తే. నెలకొక ఉత్తరం, దానిలో కేసు గురించి రెండు వాక్యాలకు మించవద్దు, జవాబు రాకపోయినా ఆపవద్దు. పోరాడే మనిషికి వారంలో ఒక రోజు ఫైలు ముట్టని రోజుండాలి. రిచర్డ్ కూడా ఉద్యోగం చేసుకుంటూనే ఆరేళ్లూ నెట్టుకొచ్చాడు.

ఔట్‌పాస్ చేతికొచ్చి, టికెట్ దొరికి, మనిషి శంషాబాద్‌లో దిగిన నాడు వీలైతే మైకులకు దూరంగా ఇంటికి తీసుకెళ్లండి. కొన్నాళ్లు నిద్రపోనివ్వండి, ఏం జరిగిందని వరుసపెట్టి అడగకండి. ఎల్లారెడ్డిలోనో కామారెడ్డిలోనో ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకసారి పూర్తిగా చూపించండి, మనసు సంగతి కూడా డాక్టర్‌తో మాట్లాడించండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఓటు ఒక్కొక్కటీ తిరిగి సరిచేయించండి. ఏజెంటు మోసం ఉంటే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వడానికి ఇప్పుడు సాక్షి ఇంట్లోనే ఉన్నాడు. ఇక ఆ ఫైలు. అటకెక్కించేయకండి. అర్జీల నమూనాలు, ఎవరిని ఏది అడిగితే పని జరిగిందో రాసుకున్న పేజీలు జిరాక్స్ తీయించి, పక్క మండలంలో ఇప్పుడే రాత్రి ఫోన్ అందుకున్న ఇంటికి పట్టుకుపోయి, పక్కన కూర్చుని మొదటి అర్జీ మీరే రాసిపెట్టండి.